పాఠం యాదగిరి సార్‌ది, పేరు ఇంకొకడిది

మొన్న పొద్దున అమీర్‌పేట మెట్రో కింద టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటుంటే, పక్కనున్న అమ్మాయి ఫోన్‌లోంచి యాదగిరి సార్ గొంతు వినిపించింది. "జర ఆగుర్రి. కోడ్ తర్వాత, ముందుగాల డబ్బా సూడుర్రి." సార్ పోయి ఏడాది దాటింది. తొంగి చూశాను. తెర మీద ఆయన చేతులు, ఆ చేతుల్లో బిస్కెట్ల డబ్బా, అంతే. మెడ పైన అంతా కత్తిరించేశారు. కింద పెద్ద అక్షరాలతో ఉన్న పేరు, సార్ పాఠాలు చెప్పిన మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్‌ది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అదీ! ఒళ్లు మండిపోయింది.

ఆయన్ను చూడని వాళ్ల కోసం చెబుతున్నాను. నేను కాకినాడ నుంచి వచ్చి గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది ఆయన దగ్గరే. వెనక బెంచీల్లో కొందరు ఆయన యాసను వెక్కిరించేవాళ్లు. ఆయనకు వినపడేది, అయినా పాఠం ఆగేది కాదు. ఒకరోజు తెర మీద ఒక పెట్టె గీసి, దానికి బొమ్మ అతికించమన్నారు. బొమ్మలో ఏ చోటు పెట్టె మీద ఏ మూలకు రావాలో చెప్పే అంకెల జతలే టెక్స్చర్ కోఆర్డినేట్లు. వాటిని వరసగా అరే అనే జాబితాలో నింపి కంప్యూటర్‌కు ఇవ్వాలి. నేను ఎనిమిది జతలు ఇచ్చాను. ముందువైపు బొమ్మ చక్కగా వచ్చింది, పక్కలకు తిప్పితే ఒట్టి చారలు!

"ఎనిమిదే ఎందుకు ఇచ్చినవ్ బిడ్డా?"

"పెట్టెకు ఎనిమిది మూలలే కదా సార్!"

ఆయన నవ్వలేదు. చాయ్‌తో పాటు తెప్పించిన బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి నా చేతికిచ్చారు. "గీ మూల సూడు. ముందు గోడకు ఇది కుడిపక్క, పక్క గోడకు ఎడమపక్క, మీదున్న కప్పుకు సుత మూలే. ముగ్గురు మూడు తీర్ల అడుగుతుంటే ఒక్క జవాబిచ్చి కూసుంటవా? ఎవరికి చెప్పాల్సింది వాళ్లకు చెప్పు." ఒక్కో మూలను మూడుసార్లు లెక్కపెట్టించి ఇరవైనాలుగు జతలూ నాతోనే రాయించారు. బొమ్మ ఆరు వైపులా నిలబడింది. ఆ రోజు నుంచి ఏ తప్పొచ్చినా కంప్యూటర్‌ను తిట్టడం మానేసి, నేనేం ఇచ్చానో చూసుకుంటున్నాను.

తర్వాత కెమెరా వచ్చింది. "క్లాసుకు రాలేకపోయిన పిల్లల కోసమే మాస్టారూ. మీదేం పోతుంది?" అన్నాడు డైరెక్టర్, తేనె పూసిన కత్తి. పాపం, సార్ నమ్మారు. రికార్డింగ్ ఉన్న రోజుల్లో ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవారు. కోర్సు మొత్తం కెమెరాకెక్కింది. మరుసటి బ్యాచ్‌కు సార్ వస్తే, క్లాసు లేదన్నారు. వీడియోలు పెడతారట! సర్టిఫికెట్ కోసం వెళ్లిన నేను అక్కడే ఉన్నాను.

"క్లాసు మాది, కెమెరా మాది. వీడియో కూడా మాదేనండీ," అన్నాడు డైరెక్టర్, కుర్చీలోంచి లేవకుండా.

"మరి పాఠం ఎవరిదండీ? సిగ్గులేదా మీకు?" అని అరిచాను. సార్ నన్ను ఆపి కిందికి తీసుకొచ్చారు.

ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి చాయ్ చెప్పారు. "కేసు పెట్టండి సార్" అన్నాను.

"ఫికర్ చేయకమ్మా. పోరగాళ్లకు సదువైతే అందుతుంది గదా, చాలు."

"చాలదు సార్!" అన్నాను. హోటల్లో అందరూ తిరిగి చూశారు. ఆయన చాయ్ నా వైపు జరిపారు. ఆ మంచితనం మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆయన వేరే ఇన్‌స్టిట్యూట్లలో అడిగారు. ఒకచోట మొహం మీదే అన్నారట, "మీ పాఠాలు మీకన్నా చవగ్గా దొరుకుతున్నాయి సార్, మిమ్మల్నెందుకు పెట్టుకోవాలి?" అని. సొంత గొంతే ఆయన నోటికాడి కూడు లాగేసింది. చివరికి పంజాగుట్టలో బామ్మర్ది జిరాక్స్ షాపులో కూర్చున్నారు. నేను వెళ్తే కాగితాలు పక్కన పెట్టి, ఆఫీసులో ఏం చేస్తున్నానో వివరంగా అడిగేవారు. అక్కడ పని చేస్తుండగానే కన్నుమూశారు. పాఠం చెప్పమని చివరిదాకా ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు మా ఆఫీసులో ఇంటర్వ్యూలు చేసేది నేనే. కొందరు పిల్లలు నోరు విప్పితే చాలు, ఆయన చెప్పిన తీరే పలుకుతుంది. ఎవరు నేర్పారని అడిగితే డైరెక్టర్ పేరు చెబుతారు. వాళ్లకేం తెలుసు! పక్కన కూర్చునే మా మేనేజర్ "వదిలేయండి మేడమ్, ఆయనే వదిలేశారుగా" అంటాడు. ఆయన వదిలేశారు కాబట్టే నేను వదలను. ఆయన పడని కోపం కూడా నేనే పడుతున్నాను.

"నీకు ఈ పాఠం చెప్పింది యాదగిరి సార్. ఆయన గొంతు అమ్ముకుని ఆయన్ని ఇంటికి పంపారు. ఒక్కసారి ఆయన పేరు పైకి అను," అంటాను.

బిత్తరపోయి అంటారు. అన్నాకే రెండో ప్రశ్న వేస్తాను.