చిన్నది గోడ పక్కకొస్తది

సైదాబాద్‌లో మా ఇంటి వెనక సందు చివర ఒక ఖాళీ జాగా ఉంది. అన్నదమ్ముల తగాదాలో పడి ఎన్నో ఏళ్లుగా ఎవరూ ఇల్లు కట్టలేదు. ఎండాకాలమంతా చెత్త, మేకలు. వానలు పడ్డాయంటే మోకాలెత్తు గడ్డి లేస్తుంది. గడ్డి నిండా గడ్డిచేమంతి, నాకు పేర్లు తెలియని ఊదా పూలు. వాటి మీదికి వేలిగోరంత సీతాకోకచిలుకలు వస్తాయి. వాటి ఫొటోలు తీయడం నా పిచ్చి. బస్సుల డిపోలో ఇంజన్లు విప్పే మనిషికి ఇదేం రోగమని మా ఆవిడ అంటుంది. రోగమే, కాదనను.

పెద్దవాటిని నిలబడి తీయొచ్చు. ఈ చిన్నవాటికి మాత్రం బోర్లా పడుకోవాల్సిందే. పొద్దున్నే, రెక్కల మీద తడి ఆరకముందే, ఫోన్‌కి చిన్న లెన్స్ తగిలించుకుని మోచేతుల మీద పాకాలి. ఆ రోజు జాగా చివరి గోడ పక్కన అలాగే పడి ఉన్నాను. నీలిరంగుది ఒకటి రోజూ అక్కడికే వస్తోంది, అది రెక్కలు విప్పినప్పుడు తీయాలని నా పట్టుదల. ఎండ ఇంకా రాలేదు. ఊరుకోకుండా, ఇదే పిచ్చి ఉన్న డిపో దోస్తుకి ఫోన్ చేశాను.

"అన్నా, ఇయ్యాల దొరికినట్టే. చిన్నది. రోజు గీ టైంకే గోడ పక్కకొస్తది. నిన్న జరంతల తప్పించుకున్నది. సప్పుడు జేయకుంట పండుకున్న. పట్టుకుంట సూడు."

మన తెలుగులో ఆడపిల్లా 'అది'యే, సీతాకోకచిలుకా 'అది'యే. 'చిన్నది వస్తది' అంటే ఏ చిన్నదో వినేవాళ్ల ఇష్టం. పైగా మంచి ఫొటో దొరకడాన్ని మేము పట్టుకోవడం అంటాం. ఇప్పుడు ఇంత తీరిగ్గా చెబుతున్నాను గానీ అప్పుడు నాకేమీ తట్టలేదు. గోడ అవతల బర్రెల కొట్టంలో పాలు పిండుతున్న ముసలమ్మకు మాత్రం ప్రతి మాటా వినబడింది.

ఫోన్ పెట్టేసిన కాసేపటికే వెనక గడ్డి తొక్కిన చప్పుడైంది. తల తిప్పేలోపే ఎవరో కాలర్ పట్టి పైకి లేపారు. ఆమె కొడుకులిద్దరు. పెద్దవాడి గుప్పిట్లో నా చొక్కా, చిన్నవాడి చేతిలో బర్రెలను తోలే కట్టె. వెనకాల ముసలమ్మ, చేతులకింకా పాల నురగ.

"వీడే. నేను నా చెవులతోని ఇన్న. చిన్నది రోజు వస్తదంట, పట్టుకుంటడంట. గిన్ని దినాల సంది మన పిల్ల మొత్తుకుంటనే ఉన్నది, బడికి పోయేటప్పుడు గోడెనక ఎవడో పిలుస్తుండని. మొకం సూడలే, గొంతే ఇన్నది. మనమే నమ్మలే."

నా పైప్రాణాలు పైనే పోయాయి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని ఎవరినో పట్టుకుని కొట్టిన వీడియోలు ఫోన్లో ఎన్ని చూడలేదు. ముందు కొడతారు, అడిగేది తర్వాతే. ఒక్క మాట చెబితే చాలు, బతికిపోతాను. ఆ ఒక్క మాటా ఎంత పొడుగో అప్పుడే తెలిసింది.

"సీతా... సీతా..." అన్నాను. అంతకు మించి నాలుక తిరగలేదు.

"సీత ఎవతె రా?" చిన్నవాడు కట్టె ఎత్తాడు.

ఫోన్ చూపిద్దామని వేలు పెట్టాను. వేలికంతా బురద, ఫోన్ తెరుచుకోలేదు. చొక్కాకి తుడుచుకుని మళ్లీ పెట్టాను. తెరుచుకోలేదు. లాక్ నంబర్ నొక్కుదామంటే బురద వేళ్లు జారి ఒకదానికొకటి పడుతోంది. "దొంగ నాటకాలు" అని పెద్దవాడు గోడకేసి అదిమాడు. మా ఇల్లు అక్కడికి పిలిస్తే పలికేంత దూరం. అరుద్దామనుకున్నాను. అరిస్తే సందంతా వస్తుంది, వచ్చినవాళ్లు నా మాట వింటారా, వీళ్ల మాటా? అరవలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. పెద్దవాడు లాక్కుని స్పీకర్ పెట్టాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో ఆ నిమిషం చూశాను.

"ఏమాయె తమ్మీ, చిన్నదాన్ని పట్టుకున్నవా?" అన్నాడు మా దోస్తు. "నాగ్గూడ పంపు మరి."

కట్టె గాల్లోనే ఉంది. నేను కళ్లు మూసుకున్నాను. మా పిల్లలు గుర్తొచ్చారు.

"పలుకవేంది? రెక్కలిప్పిందా, మూసుకునే కూసున్నదా? ఆగు జర, ఎండవడంగనే ఇప్పుతది."

చిన్నవాడు కట్టె దించి అన్న మొహం చూశాడు.

"రెక్కలేంది?" అంది ముసలమ్మ.

పెద్దవాడి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను, ఈసారి నంబర్ సరిగ్గా పడింది. ఫొటోలు ఒక్కొక్కటే జరిపి చూపించాను. నీలివి, తెల్లవి, పసుపువి, గడ్డిచేమంతి మీద వాలినవి. పెద్దవాడు కాలర్ వదిలి నా చొక్కా మీది మట్టి తనే దులపడం మొదలుపెట్టాడు. "మాఫ్ జేయన్నా, పిల్ల ముచ్చట గదా, దిమాక్ ఖరాబైంది" అన్నాడు. నాకు ప్రాణం తిరిగొచ్చింది, దాంతో పాటు కోపమూ వచ్చింది. కడిగేద్దామని నోరు తెరిచాను.

ముసలమ్మ నా వైపు చూడటం లేదు. ఫోన్లోని నీలిరెక్కల మీదే ఆమె చూపు.

"అయితే నువ్వు కాదా బిడ్డా?"

"కాదమ్మా."

ఆమె ఆ గడ్డిలోనే కూలబడింది. "దొరికినవనుకున్న. ఇంక ఫికర్ లేదనుకున్న. నువ్వయితెనే బాగుండు గదా" అంది.

నా కోపం ఎటు పోయిందో పోయింది. చిన్నవాడు గోడెక్కి సందు అటు చివరిదాకా చూశాడు. ఎవరూ లేనట్టుంది, దిగకుండా అక్కడే కూర్చున్నాడు. జాగాలోకి తెరుచుకునే కొట్టం తలుపు దగ్గర రెండు జడల పిల్ల, బడి సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో.

"నానమ్మా, దొరికిండా?" అంది.

ముగ్గురు మగవాళ్లం ఉన్నామక్కడ. ముగ్గురమూ ఆ పిల్ల వైపు కాక, సందు వైపు చూశాం.