పరీక్ష లేని చదువు

బస్టాండు దగ్గర నా మందుల దుకాణంలో మధ్యాహ్నం పూట గిరాకీ పలచబడుతుంది. ఆ కాసేపట్లో కౌంటర్ మీద పుస్తకం తెరిస్తే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు. మొన్న కౌడిపల్లి నుంచి బీపీ గోళీల కోసం వచ్చిన పెద్దాయన కూడా అడిగాడు.

"ఏం పరీక్షకు సదువుతున్నవు సేటూ? గీ వయసుల నీకేం నౌకరొస్తది?"

మా దగ్గర చదువు అంటే పరీక్షే. పరీక్ష లేకుండా చదివేవాణ్ణి చూస్తే జనానికి కొంచెం జాలి, కొంచెం అనుమానం. మొదట్లో నవ్వి ఊరుకునేవాణ్ణి. తర్వాత్తర్వాత విడమర్చి చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఓపిక లేక "గ్రూప్ వన్" అనేస్తున్నాను. "మంచిగ రాయి సేటూ" అని దీవించి పోతున్నారు.

పొద్దంతా డాక్టర్ల గొలుసుకట్టు రాత చదివి చదివి కళ్ళు మండుతాయి. నిలబడి నిలబడి మోకాళ్ళు పట్టేస్తాయి. ఒకప్పుడు రాసినవాళ్ళను బట్టి పుస్తకం ఎంచుకునేవాణ్ణి, ఇప్పుడు అక్షరాల సైజును బట్టి ఎంచుకుంటున్నాను. అయినా ఏదీ సగం దాటడం లేదు. నెపం కళ్ళ మీదికి నెట్టేయొచ్చు గానీ అసలు సంగతి వేరే ఉంది. నేను సగంలో ఆపినా, చివరిదాకా చదివినా అడిగేవాళ్ళు లేరు. పుస్తకం ఎందుకని అడుగుతారు, అందులో ఏముందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఇంట్లోనూ అంతే. "కండ్లు పాడుచేసుకుంటవు, జర పండరాదు" అంటుంది నా భార్య. ఆమెను అని లాభం లేదు, ఆమె నాకంటే ఎక్కువ అలసిపోయి ఉంటుంది.

ఒక్క మనిషి అడిగితే చాలుననిపించి బ్లాగు పెట్టాను. పేరు 'పరీక్ష లేని చదువు'. ఒళ్ళు మండి పెట్టిన పేరే.

ఇక దేని గురించి రాయాలో తేలాలి. లైబ్రరీకి వెళ్తే కుర్చీలన్నిటిలో పోటీ పరీక్షల పిల్లలే. నవలల అల్మారాకు అడ్డంగా కుర్చీ వేసుకుని ఒక అమ్మాయి కూర్చుంది. జరగమంటే లేచి, నేను తీసిన సన్నపాటి పుస్తకం వైపు చూసింది.

"గది ఏ పేపర్‌కు సార్?"

"బ్లాగుకు" అన్నాను విసుగ్గా. ఆ అమ్మాయి మాత్రం విసుక్కోలేదు. అడ్రస్ అడిగి ఫోన్‌లో కొట్టుకుంది. మెటీరియల్ దొరుకుతుందనుకుందేమో.

కరువు రోజుల్లో తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ ఊరూరూ తిరిగే ముసలామె కథ అది. అక్షరాలు పెద్దవే. అయినా, తిరిగి తిరిగి ఆమె ఎవరింటి అరుగు మీదో కూలబడిన చోట నేనూ పుస్తకం మూసేశాను. ఆమెకూ నాకూ ఓపిక ఒకేచోట అయిపోయింది. చదివినంతవరకే రాసి బ్లాగులో పెట్టాను, ఆపేసిన సంగతి మాత్రం రాయలేదు.

చాలా రోజులు ఎవరూ రాలేదు. గిరాకీ లేని రెండో దుకాణం తెరిచినట్టయింది. తర్వాత ఒక మధ్యాహ్నం, నేను రాసినదాని కింద రెండు ముక్కలు కనిపించాయి.

"సార్, లైబ్రరీల కలిసిన గదా. ఇది ఏ పేపర్ల వస్తది?"

బ్లాగు పేరు చూసి కూడా అదే ప్రశ్న! "ఏ పేపర్లోనూ రాదమ్మా" అని కొట్టి ఫోన్ డ్రాయర్‌లో పడేశాను. అల్లాదుర్గ్ బస్సు దిగి వచ్చిన ఒకామెకు దగ్గు మందిచ్చి, ఎన్ని మూతలు తాగాలో రెండుసార్లు చెప్పి పంపాను. ఇక చాలు, బ్లాగు తీసేద్దామని ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. ఆ అమ్మాయి ఇంకో మాట రాసి ఉంది.

"రాకుంటె రాకపాయె సార్. గా ముసలామెకు బర్రె దొరికిందా లేదా?"

ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన ప్రశ్న అదే. తీరా అడిగితే జవాబు నాకు తెలియదు. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. రేపు చెబుతానని రాసి, స్టూలు మీద కూర్చుని, ముసలామెను అరుగు మీద వదిలేసిన పేజీ కోసం వెతికాను. దొరికింది. ఇంతలో ఎవరో వచ్చి కౌంటర్ మీద మందుల చీటీ పెట్టారు.

"ఏం పరీక్ష సేటూ?"

"రేపే ఉంది" అన్నాను తలెత్తకుండా. "జర ఆగుండ్రి."