అవ్వ ఏ కెమెరాకు ఏడ్చింది?

ఆ కాలంలో మా జనగామలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో లేనివాడు లేడు, ఉద్యమం మీద సినిమా తియ్యాలనుకోని డిగ్రీ పిల్లవాడూ లేడు. కాలేజీలు తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ కాబట్టి మాకు తీరిక ఎక్కువ. తీరిక ఎక్కువ కాబట్టి బాధ్యత కూడా ఎక్కువే అనిపించేది. సినిమాల్లో మన మాటను ఎప్పుడూ రౌడీకో వంటమనిషికో ఇచ్చి నవ్వించారన్న కోపం అందరిలోనూ ఉంది. ఆ కోపంతోనే పావుగంట సినిమా ఒకటి తీసి లోకాన్ని సరిదిద్దుదామని బయల్దేరాం. (లోకం ఇప్పటికీ ఆ సంగతి గమనించినట్టు లేదు.)

దర్శకుడు మా పెద్దనాన్న కొడుకు. మా అందరికీ డైరెక్టరన్న. హైదరాబాద్‌లో మూడు నెలల సినిమా కోర్సులో రెండు నెలలు చదివొచ్చాడు, మూడో నెల బంద్‌లలో కొట్టుకుపోయింది. ఒక దోస్తును బతిమాలి, వీడియో కూడా తీసే చిన్న ఫోటో కెమెరా పట్టుకొచ్చాడు. "మనిషి మీద ఫోకస్ పెడితే ఎనకంత మసకైతది. గదిరా సినిమా అంటే!" అని రోజుకు నాలుగుసార్లు చెప్పేవాడు. అన్నకు తోడు వీడియో చాచా. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ముప్పై ఏళ్ళుగా పెళ్ళి వీడియోలు తీసిన మనిషి. భుజం మీద మోసే పెద్ద కెమెరా, దాని నెత్తిన లైటు ఆయన ఆస్తి. అయితే అందులో రికార్డు చేసే భాగం పాడై పదిరోజులైంది, లైటొక్కటే వెలుగుతోంది. చాచా మాకు ఖాళీగా దొరికింది అందుకే. నేనేమో పేరు లేని పనులన్నిటికీ బాధ్యుణ్ణి.

కథలో పోలీసులు కొడుకును పట్టుకుపోతారు. తల్లి నిరసనగా రోడ్డు మీద చేసే వంటావార్పులో అందరికీ వడ్డిస్తూ వడ్డిస్తూ, కొడుకు వయసువాడొకడు విస్తరి ముందు కూర్చోగానే గరిటె ఆపి ఏడుస్తుంది. అంత జనాన్ని తెచ్చే శక్తి మాకు లేదు గనుక, నిజంగా జరగబోయే వంటావార్పులోనే తియ్యాలని నిర్ణయించాం. తల్లి వేషం మా వాడకట్టు అవ్వది. ఆమె ముందే తేల్చి చెప్పింది: "దొంగేడుపు నాకు రాదు బిడ్డా. నిజంగ ఏడుస్త. గది గూడ ఒక్కపారే. మల్లొకపారి ఏడువమంటే గరిటె మీద ఇసిరేస్త."

ముందురోజు ఆమె వాకిట్లో ఒకసారి తీసి చూద్దామనుకున్నాం. అన్న చిన్న కెమెరా ఎత్తగానే అవ్వ కొంగు సర్దుకుని, చేతులు రెండూ కిందికి వదిలి, రెప్ప కొట్టకుండా నిలబడిపోయింది. పక్కింటివాళ్ళు నలుగురు పరుగున వచ్చి పక్కన వరుస కట్టారు.

"అవ్వా, జర కదులు," అన్నాడు అన్న.

"కదిలితే ఫోటువ ఖరాబ్ కాదారా?" అంది అవ్వ, పెదాలు కదపకుండా.

అది వీడియో అని ఎంత చెప్పినా ఒక్కరూ నమ్మలేదు. "ఫోటో కెమెరా మొకానికి పెట్టి కదులు అంటే ఎవలు కదుల్తరు బేటా?" అన్నాడు చాచా. "నాది భుజం మీదుంటే సూడు, వాళ్ళే కదుల్తరు." అప్పుడు నాకు మెరుపులాంటి ఉపాయం తట్టింది. (నా మెరుపులన్నీ పిడుగులై పడ్డాయి, అది వేరే సంగతి.) చాచా తన పెద్ద కెమెరా లైటు వేసుకుని నిలబడతాడు. అదే తీస్తోందనుకుని జనం మామూలుగా ఉంటారు. పక్కనుంచి అన్న చిన్నదాంతో తీసుకుంటాడు. అవ్వకు కూడా చెప్పొద్దనుకున్నాం.

మర్నాడు రోడ్డు మీద పొయ్యిలు వెలిగాయి, భోజనాల బంతులు సాగాయి. అన్న ట్రాక్టరు ట్రాలీ ఎక్కి కెమెరా బిగించాడు. చాచా మిట్టమధ్యాహ్నపు ఎండలో లైటు వెలిగించి ఆ ట్రాలీ పక్కనే నిలబడ్డాడు. జనం చక్కగా తిన్నారు, అరిచారు, పప్పు అడిగారు. అవ్వ వడ్డిస్తూ మావైపే వస్తోంది. అంతవరకూ అంతా మేం రాసుకున్నట్టే జరిగింది.

కానీ ముప్పై ఏళ్ళు పెళ్ళి బంతుల్లో గరిటె వెంట నడిచిన కాళ్ళు ఒక్కచోట ఎలా ఆగుతాయి? చాచా మెల్లగా కదిలి, బంతి చివర తిరిగి, అవతలి వరుసలోకి వెళ్ళిపోయాడు. లైటు ఎటు పోతే అవ్వ అటే తిరిగింది. మేం కూర్చోబెట్టిన కుర్రాడి విస్తరి ముందు గరిటె ఆపి, లైటు వైపు ముఖం పెట్టి, ఏడ్చింది. మా కెమెరాకు వీపు కనబడింది. గుట్టు బయటపడుతుందని అన్న కట్ చెప్పలేడు, ట్రాలీ దిగలేడు. పళ్ళు కొరుక్కుంటూ వీపే తీశాడు.

అయిపోగానే అవ్వ కళ్ళు తుడుచుకుంటూ చాచా దగ్గరకొచ్చింది. "ఏదీ, నా మొకం సూపెట్టు."

అన్న కూడా ట్రాలీ దిగొచ్చాడు. ఉపాయం నాది కాబట్టి చెప్పాల్సిందీ నేనే. "అవ్వా, గది ఖాళీ కెమెరా. లైటొక్కటే ఎలుగుతది. అసల్దాంట్ల నీ ఈపు వడ్డది."

అవ్వ గరిటె నావైపు తిప్పింది. "మరి నేనేడ్చింది ఎవలికిరా?"

"నాకు," అన్నాడు చాచా. లైటు ఇంకా ఆర్పలేదు. "ఎన్ని అప్పగింతలు తీసిన్నో అవ్వా, గసుంటి ఏడుపు నేను సూడలే."

అవ్వ గరిటె విసరలేదు. మిగిలిన పప్పు మా ముగ్గురికీ వడ్డించి వెళ్ళిపోయింది. రెండోసారి ఏడవమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ సినిమా మానుకోటలో ఒక ఫంక్షన్ హాల్లో, గోడకు తెల్లగుడ్డ కట్టి వేశారు. అవ్వ కేసముద్రం నుంచి తన చెల్లెలిని తీసుకుని మరీ వచ్చింది. తెర మీద వీపు వణికింది. "ముఖం చూపకుండా తీశారు, ఎంత ధైర్యం!" అన్నాడు ముందు వరుసలోని పెద్దమనిషి. అన్న వినయంగా తల వంచాడు. (సిగ్గుతోనని నాకొక్కడికే తెలుసు.)

"గది నేనే," అంది అవ్వ.

"నువ్వెట్లయితవే అక్కా? గా ఈపు ఎవల్దన్న ఉండొచ్చు," అంది చెల్లెలు.

అవ్వ లేచింది. చకచకా నడిచి వెళ్ళి తెర పక్కన నిలబడి, జనం వైపు వీపు తిప్పింది. "ఇగో, సూస్కోన్రి!"

ఒక్క నిమిషం హాల్లో రెండు వీపులు, పక్కపక్కన. తర్వాత చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది ఆ ఉపాయం చెప్పిన ఇరవై ఏళ్ళ తెలివైనవాడే, అంటే అప్పటి నేనే. వాడిప్పుడు కనబడితే, చాచా కాళ్ళు ఒకచోట ఆగవని ముందే ఎందుకు తోచలేదురా అని అడగాలనుంది. వాడేం సిగ్గుపడడు. "అయితేందన్నా, ఆమెను అందరు గుర్తువట్టిండ్రు గద!" అంటాడు.