లెన్స్‌లో కనిపించిన మనిషి

గనుల వ్యాపారం జోరుగా సాగుతున్న రోజుల్లో, పెళ్లి ఫోటోలు తీసే నేను టెలిఫోటో లెన్స్ కొనడానికి బళ్లారి బ్రూస్‌పేటలోని ఒక షాపుకు వెళ్లాను. చూపించిన రెండు లెన్సుల్లో ఏది తీసుకోవాలో తేలక సతమతమవుతుంటే, "మిద్దె మీదికి పోయి దూరంగా చూడక్కా, నీకే తెలుస్తాది" అన్నాడు షాపు ఓనరు.

మిద్దె ఎక్కి, పెద్ద లెన్స్‌ను కెమెరాకు తగిలించి వీధి చివర ఆగిన ఖనిజం లారీ వైపు తిప్పాను. దాని చక్రాల మధ్య నీడలో ఒకతను నిద్రపోతున్నాడు. డ్రైవరేమో పైకెక్కుతున్నాడు!

అరిచినా అంత దూరం వినపడదని మెట్లు దిగి పరుగెత్తాను. ఇంజను స్టార్టయ్యేసరికి లారీకి అడ్డంగా నిలబడ్డాను.

"సావాలనుండాదా ఏందక్కా?" అని కసిరాడు డ్రైవరు.

"కింద మనిషుండాడప్పా!"

అతను దిగి, వంగి చూసి, పడుకున్నతన్ని భుజాలు పట్టి బయటికి లాగాడు. నిద్రలేచినతను మాత్రం "ఏమైందప్పా?" అంటూ కళ్లు నులుముకున్నాడు.

ఆ లెన్సే కొన్నాను. కానీ ఆగి ఉన్న లారీ కనబడితే, ఈనాటికీ వంగి కిందికి చూడకుండా దాటలేను.