తమ్ముడి ర్యాప్ బట్టలు కుట్టించి నన్ను లేపిన ప్రభువు

పాప పుట్టింది గానీ ఏడవలేదు, సహోదరులారా! నా చీకటి రోజులు ఆ నిశ్శబ్దంతోనే మొదలయ్యాయి. మాది కడియం, మావారు మొక్కల లారీ డ్రైవరు, నేను ఇంట్లోనే బట్టలు కుట్టేదాన్ని, కడుపుతో ఉన్న నెలలన్నీ మిగిలిన గుడ్డముక్కలతో చిన్న చిన్న గౌన్లు కుట్టి పెట్టుకున్నాను, ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికొచ్చాక కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశాను. డాక్టరుగారి మందులతో ఒళ్లు కోలుకుంది గానీ మనసు లేవలేదు. తల దువ్వుకోవాలన్నా బరువే, అన్నం సహించేది కాదు, మందిరానికి వెళ్లడం మానేశాను, తెల్లవారితే అయ్యో ఎందుకు తెల్లవారిందా అనిపించేది.

అప్పుడు నా తమ్ముడు దానియేలు మాతోనే ఉండేవాడు. పగలంతా నర్సరీలో మొక్కలు మోసి లారీలకెత్తేవాడు, సాయంత్రమయ్యేసరికి చెవులకు వాక్‌మన్ తగిలించుకుని ఇంగ్లీషు ర్యాప్ పాటలు వినేవాడు, వాటి అర్థం సగమే తెలిసినా ఆ దరువు పట్టుకుని తెలుగులో సొంతంగా మాటలు అల్లి గబగబా పాడేవాడు. హిప్‌హాప్ పాటగాడు కావాలని వాడి ఆశ. "అక్కా, వదులు ప్యాంటు కుట్టవే, స్టేజీ మీద గెంతాలి" అని బతిమాలితే, "నా వల్ల కాదురా" అని గోడవైపు తిరిగి పడుకున్నాను. వాడు మళ్లీ అడగలేదు.

రాజమండ్రిలో కుర్రాళ్ల పాటల పోటీ ఉందని తెలిసి, వాడు ఫుట్‌పాత్ మీద టోపీ కలిపి కుట్టిన దళసరి చొక్కా, నేల ఊడ్చేంత పొడవు ప్యాంటు కొనుక్కున్నాడు. మన గోదావరి ఎండల్లో ఆ చొక్కా ఎలా ఉంటుందో మీకు చెప్పాలా! పోటీ రోజున చెమటతో తడిసి ముద్దయ్యి, గెంతబోయి ప్యాంటు అంచు తొక్కుకుని, స్టేజీ మీదే బోర్లా పడ్డాడు. జనం నవ్వారట. ఇదంతా వాడి స్నేహితుల ద్వారా నాకు తరువాతే తెలిసింది.

మర్నాడు పాస్టరమ్మగారు వచ్చారు. ఆమె నాకు బోధ చేయలేదు, నా పక్కన చాప మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుని, "ప్రభువా, ఈ బిడ్డకు మాటలు రావడం లేదు, ఆమె కన్నీళ్లు నీకు తెలుసు, ఈ చేతులను నీ చేతుల్లోకి తీసుకో తండ్రీ" అని మాత్రం ప్రార్థించారు.

ఆమె వెళ్లాక మంచినీళ్లకని లేచి చూస్తే, అరుగు మీద నా తమ్ముడు చిరిగిన ప్యాంటు ఒళ్లో పెట్టుకుని, గోనెసంచులు కుట్టే సూదితో వంకరటింకరగా కుట్టుకుంటున్నాడు. మోకాలు చెక్కుకుపోయి ఉంది.

"ఏంట్రా అది?"

"ఏం లేదక్కా, కుట్టేసుకుంటున్నాలే. నువ్వెళ్లి పడుకో."

ఆ మాటలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. నేను భోరుమన్నాను! పాప పోయాక గొంతెత్తి ఏడవడం అదే మొదలు. ఏడుస్తూనే, "ఇదేం కుట్టురా, ఇటివ్వు" అని లాక్కున్నాను. మిషను మీది దుప్పటి తీసేశాను. దేవునికే మహిమ!

"ఈ బట్టల్లో నువ్వేం చేస్తావో చూపించు" అంటే వాడు గదిలోనే గొంతుక్కూర్చున్నాడు, గెంతాడు, చేతులూపాడు, వాడి చెయ్యి తగిలి గూట్లో సున్నం డబ్బా దొర్లిపడింది, నాకు నవ్వొచ్చింది. పనిలోకీ, పాటకీ, మందిరానికీ అవే బట్టలు పనికిరావాలి, సాయంత్రం ఉతికితే పొద్దుటికి ఆరాలి. అందుకని ఖాకీ గుడ్డతో ఒకటి, బూడిదరంగు గుడ్డతో ఒకటి వదులు ప్యాంట్లు కుట్టాను, నడుముకి ఎలాస్టిక్, మోకాళ్ల దగ్గర రెండో పొర, అంచు కాలికింద పడకుండా చీలమండ దగ్గర బిగించుకునే నాడా. ఏ ప్యాంటు మీదికైనా నప్పేలా పలచటి నూలు చొక్కాలు. టోపీ ఉండాల్సిందేనని వాడు మారాం చేస్తే లుంగీ గుడ్డతో చేతుల్లేని కోటు కుట్టి దానికి టోపీ పెట్టాను.

అంతటితో నా బాధ తీరిపోయిందనుకోకండి. మధ్యలో మళ్లీ మంచం పట్టిన రోజులున్నాయి. అప్పుడు, "యేసయ్యా, ఈ ఒక్క అంచు కుట్టేంత బలం ఇవ్వు" అని అడిగేదాన్ని. ఇచ్చేవాడు!

తరువాతి పోటీకి మావారితో బస్సెక్కి నేనూ వెళ్లాను. వాడు మొక్కల మీద, లారీల మీద, తన మోత కష్టం మీద పాడుతూ ఎగిరి దూకుతుంటే జనమంతా వాడి ముఖం చూశారు, నేను మాత్రం ప్యాంటు అంచులే చూస్తూ ప్రభువా ప్రభువా అనుకున్నాను. పడలేదు! బహుమతి వేరే అబ్బాయికి వెళ్లింది గానీ, జనం మళ్లీ పాడమని అడిగారు, వాడు రొప్పుతూ మైకులో, "ఈ బట్టలు మా అక్క కుట్టిందండీ" అన్నాడు. నేను చెంగుతో ముఖం దాచుకున్నాను.

ప్రియులారా, ప్రభువు నా బిడ్డను ఎందుకు తీసుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ నన్ను మాత్రం ఆయన వదిలిపెట్టలేదు, ఆయనకే స్తోత్రం! ఇది చదువుతూ గోడవైపు తిరిగి పడుకున్న అక్కాచెల్లెళ్లు ఎవరైనా ఉంటే, కడియం వచ్చి నా మిషను పక్కన కూర్చోండి తల్లీ. మాట్లాడనక్కర్లేదు. మీ బదులు నేను ప్రార్థిస్తాను.