కొండ వైపు గోడకు లేని తలుపు

దెయ్యాల మీద నమ్మకం ఉన్నవాడు కొండల్లో చింతపండు వ్యాపారం చెయ్యలేడు. నేను ముప్పై ఏళ్ళు చేశాను. చీకటి పడ్డాక అడవి దాటాను, ఎలుగుబంటితో ముఖాముఖీ నిలబడ్డాను, దెయ్యం మాత్రం ఎప్పుడూ ఎదురు కాలేదు.

ఎలుగుబంటి సంగతి కాస్త పెంచాను. అది వాగుకు అవతల ఉంది, నేను బండిలో ఉన్నాను. పెంచి చెప్పడం నాకు అలవాటు. అయితే ఈ సంగతిలో ఎక్కడెక్కడ పెంచానో నేనే చెబుతాను. మిగిలింది నమ్మండి.

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. పార్వతీపురంలో ఊరు అయిపోయి కొండ కింది పొలాలు మొదలయ్యే చోట నాకొక పెంకుటిల్లు ఉండేది. ఖాళీ నేల కొని, పునాది తవ్విన రోజు నుంచి పెంకు పరిచే దాకా దగ్గరుండి కట్టించుకున్నాను. వెనక గదికి కొండ వైపు తలుపు వద్దన్నది నేనే. వాన జల్లు కొడుతుందని ఒకటి, దొంగల భయం ఒకటి. ఆ గోడ కింది నుంచి పై దాకా ఒకే కట్టుబడి. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆ ఇంట్లో పదకొండేళ్ళున్నాం. చివరి మూడేళ్ళూ నా భార్య నరసమ్మను మన్యం జ్వరం పట్టుకుంది. వానలు మొదలవగానే తిరగబెట్టేది. క్వినైను మింగీ మింగీ ఆమెకు చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ సరిగా వినపడేది కాదు. ఇంకో వానాకాలం ఇక్కడే ఉంచితే తన పూచీ లేదన్నాడు డాక్టరు. భీమిలిలో సముద్రం దగ్గర ఒక చిన్న ఇల్లు అమ్మకానికి ఉంది. ఇది అమ్మితే గాని అది కొనలేను. వానలు పడే లోపల అమ్మాలి.

నరసమ్మను సాలూరులో పుట్టింటికి పంపి, ఇంటిని పెళ్ళికూతుర్ని చేశాను. సున్నం వేయించాను. నుయ్యి తోడించాను. కొనేవాళ్ళకు కావలసింది గట్టి గోడ, తియ్యటి నీళ్ళు అని నా లెక్క. వచ్చినవాళ్ళకు గోడ తట్టి చూపించాను, నీళ్ళు తాగించాను. బాగుందని అనేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు.

బేరాలు తెచ్చిపెట్టేవాడు మా బావమరిది సూరన్న. వాడికి నా మాటల ధోరణి నచ్చేది కాదు.

“నువ్వు మాటాడకు బావా. కొనీవోడి నోరు కూడా సూడకు, కాళ్ళు సూడు. కాళ్ళు ఎక్కడాగితే అదే ఆడికి కావాల” అన్నాడు.

అప్పటి నుంచి కాళ్ళు చూడడం మొదలుపెట్టాను.

బొబ్బిలి నుంచి ఒక గుమస్తా, అతని భార్య వచ్చారు. ఆవిడ వంటిల్లు చూడలేదు, నుయ్యి చూడలేదు. తిన్నగా వెనక గదిలోకి వెళ్ళి, కొండ వైపు గోడ ముందు ఆగింది.

“ఈ తలుపు మూసీసినారేటండీ?” అని అడిగింది.

అక్కడ తలుపు లేదమ్మా అన్నాను. అరచేత్తో గోడను తడిమి, సిగ్గుపడి వచ్చేసింది. వాళ్ళు మళ్ళీ రాలేదు.

ఆ తరవాత ఒక బడిపంతులు వచ్చాడు. ఉద్యోగం మానేసిన మనిషి, ఒంటరివాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ అదే గోడ దగ్గరికి నడిచాడు. చూడకుండానే చెయ్యెత్తాడు, గడియ తియ్యబోయినట్టు. చేతికి సున్నం అంటుకుంటే నా వంక అదోలా చూశాడు. ఆలోచించి చెబుతానని వెళ్ళిపోయాడు.

ఇలా పదిమంది వచ్చారు. పదిమందీ అక్కడే ఆగారు. ఒకావిడకు మూర్ఛ కూడా వచ్చింది.

నరసమ్మ పుట్టింటి నుంచి రావలసిన రోజు, మిట్టమధ్యాహ్నం పెరట్లోకి వెళితే, కొండ మీది నుంచి అడ్డాకులు అమ్ముకోవడానికి దిగిన ఒక ముసలమ్మ ఉంది. అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఆకుల కట్ట దించుకుని, ఆ గోడకు ఎదురుగా, బయట కూర్చుంది. గోడకు ఆనుకుని కాదు. మెట్టుకు చోటు వదిలినట్టు, కొంచెం ఎడంగా.

“తలుపు తియ్యమను బాబూ. అమ్మ లోపలుంది గదా” అంది.

ఇంట్లో ఎవరూ లేరు. అప్పుడే గోడ లోపలి నుంచి గడియ చప్పుడు వినిపించింది.

ఇక ఒప్పుకోవాలి. చప్పుడేమీ వినపడలేదు. మూర్ఛ కూడా ఎవరికీ రాలేదు. పదిమంది కాదు, గోడ దగ్గర ఆగింది గుమస్తా భార్య, పంతులు, ఈ ముసలమ్మ, అంతే. ఈ ముగ్గురికీ ఒకరి మొహం ఒకరికి తెలీదు. నరసమ్మ మొహం అసలే తెలీదు.

సాయంత్రం నరసమ్మ బండి దిగింది. జావ తాగాక ఆమెకు వినపడేలా గట్టిగా, ఇదంతా తమాషాగా చెప్పాను. ఆమె నవ్వలేదు. గిన్నె కింద పెట్టింది.

“ఇల్లు కట్టినపుడు అక్కడో తలుపుంటే బాగుణ్ణనుకున్నాను. మీరు అడగనేదు, నాను సెప్పనేదు. వంట పనయ్యాక రోజూ మనసులో ఆ తలుపు తీసుకుంటాను. మెట్టు మీద కూకుని కొండ సూత్తాను” అంది.

ఎవరికైనా చెప్పావా అని అడిగాను.

“గోడకే నేని తలుపు గురించి ఎవులికి సెప్తారు?” అంది.

మర్నాడే మేస్త్రీని పిలిచాను. ఆ గోడ కట్టినవాడే. ఎక్కడ కొట్టాలో నరసమ్మ బొగ్గుతో గీసింది. అతను కొడుతుంటే పక్కనే నిలబడి చూశాను. పాత ద్వారబంధం లేదు, పూడ్చిన గుర్తు లేదు, ఇటుక మీద ఇటుక. తలుపు బిగించాక గడియ ఎక్కడుండాలో ఆమే చెయ్యి పెట్టి చూపించింది. పంతులు చెయ్యి ఎత్తిన చోట, కొత్త ద్వారబంధం అంచు పక్కనే, సున్నం మీద వేలి మరక ఇంకా ఉంది. గడియ సరిగ్గా ఆ మరక ఎత్తులోనే పడింది. ఇది పెంచలేదు.

సూరన్న ఆ పంతుల్నే మళ్ళీ తీసుకొచ్చాడు. ఆయన తిన్నగా వెళ్ళి, గడియ తీసి, కొత్త మెట్టు మీద కూర్చున్నాడు. కొండ మీది నుంచి గాలి వస్తోంది. ఇల్లు తీసుకుంటానన్నాడు.

తలుపు మొన్ననే పెట్టించామని చెప్పాను. మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఉంది కదా, గడియ బిగుసుకుపోయి రాలేదు, అన్నాడాయన. లేదని ఎంత చెప్పినా బేరగాడి వేళాకోళం అనుకున్నాడు. నిజం చెప్పినప్పుడే నన్నెవరూ నమ్మలేదు.

వానలకు ముందే బయల్దేరాం. బండి ఇంటి ముందు నిలబడి ఉంది. నరసమ్మ వీధి గుమ్మం లోంచి రాలేదు. వెనక గదిలోకి వెళ్ళి, ఆ తలుపు తీసుకుని, మెట్టు దిగి, ఇల్లు చుట్టి వచ్చి బండెక్కింది.

భీమిలి గాలికి జ్వరం మర్నాడే పారిపోయిందని అందరికీ చెబుతుంటాను. మర్నాడు కాదు, ఏడాది పట్టింది. కాని పోయింది. ఆ తరవాత చాలా కాలం బతికింది.

పదకొండేళ్ళు ఆమెతో ఒకే ఇంట్లో ఉన్న నాకు కనబడని తలుపు, దారిన పోయేవాళ్ళకు ఎలా కనబడిందో ఇప్పటికీ నాకు తెలీదు.