రేకుల షెడ్డులో మాస్టారి మూకీలు

మా పక్కింటి మాస్టారు మొన్న ఆదివారం పోయారు. "మన వీధికే గర్వకారణం, మూకీ సినిమాల నిధి ఇక లేరు" అని వీధి వాట్సాప్ గ్రూపులో మెసేజీ వచ్చింది. చదివితే ఒళ్ళు మండింది. అదే గ్రూపులో ఆయన్ని రీళ్ళ పిచ్చాయన అనేవారు.

హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. మూతపడ్డ హాళ్ళూ పాత సామాన్ల కొట్లూ గాలించి ముప్ఫై డబ్బాల మూకీ రీళ్ళు పోగుచేశారు. మేడమీద గదిలో వాటికోసం ఫ్యాను తిరుగుతూనే ఉండేది. "మన కోనసీమ చెమ్మ కొబ్బరికి మంచిదండి, ఫిల్ముకి కాదు" అనేవారు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూసేవారు, ఫిల్ము చెడితే పుల్లటి కంపు కొడుతుందట. భోజనం ఆ తర్వాతే.

సినిమా వేస్తే నన్నూ పిలిచేవారు. నేను హీరోని చూస్తుంటే ఊరుకునేవారు కాదు.

"ఆయన్ని అందరూ చూస్తారండి. వెనకాల కట్టెలు మోస్తున్న ఆవిణ్ణి చూడండి. పేరైనా వెయ్యలేదు. మనం చూడకపోతే ఇంకెవరు చూస్తారండి?"

వాళ్ళ తాత పరాయి పొలాల్లో పాలేరట. ఆ సంగతి ఒక్కసారే చెప్పారు.

రెండేళ్ళ కిందట, పాత ఫిల్ము దానంతటదే అంటుకుంటుందని ఎవరో ఫోన్లో వీడియో చూపించారు. వీధంతా హడలిపోయింది. మాస్టారు చిన్న ముక్క కత్తిరించి అందరి ముందూ అగ్గిపుల్ల గీశారు. అది మెల్లగా ముడుచుకుంది గానీ భగ్గుమనలేదు.

"అసలువి అంటుకుంటాయండి, నిజమే. ఇవి తర్వాత భగ్గుమనని ఫిల్ముమీద తీసిన కాపీలండి" అని బతిమాలారు.

ముప్ఫయ్యేళ్ళు సైన్సు చెప్పినాయన మాట చెల్లలేదు, ఫోను మాట చెల్లింది! రీళ్ళు తీసెయ్యాలని అర్జీ రాసి, సంతకాలు పెట్టి, ఆయన చేతికే ఇచ్చారు. ఆయన కింద పేర్లు చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇప్పుడు వాళ్ళే ఫ్లెక్సీ కట్టారు. సిగ్గులేని జనం!

డబ్బాలు అంబాజీపేటలో తెలిసినాయన రేకుల షెడ్డుకి చేరాయి. ఆ రేకుల వేడికి ఒక్క వేసవికే అయిపోయింది. చూడ్డానికి వెళ్తూ మాస్టారు నన్ను తోడు రమ్మన్నారు. మూత తీయగానే వెనిగర్ కంపు గుప్పుమంది. రీళ్ళన్నీ ముద్దలైపోయాయి.

"ఆ అర్జీలో మీరూ సంతకం పెట్టేరాండీ?" అని అప్పుడడిగారు.

"ఆయ్, పెట్టేనండి" అన్నాను.

"సరేలెండి. ఈ డబ్బా కాస్త పట్టుకోండి."

పట్టుకున్నాను. ఆయన నేలమీద కూర్చుని, ఆ ముద్దని ఒళ్ళో పెట్టుకుని, ఫిల్ము కొస ఎక్కడైనా దొరుకుతుందేమోనని గోటితో తడుముతూ సాయంత్రం దాకా వెతుకుతూనే ఉన్నారు.